ఇల్లు కాలిన వేళ పొరుగు ధర్మము

ఋగ్వేదము అగ్నిదేవుని స్తుతితో ప్రారంభమగుచున్నది. దేవతలకు హవిస్సును చేర్చువాడు అగ్ని. వివాహవేదికపై వధూవరుల ప్రతిజ్ఞకు సాక్షి అగ్ని. వంటయింట అన్నమును పక్వము చేయువాడును, భుజించిన అన్నమును జఠరమున పచనము చేయువాడును అతడే. తానే వైశ్వానరాగ్ని రూపమున ప్రాణుల దేహములందుండి అన్నమును జీర్ణము చేయుచున్నానని గీతాచార్యుడు పదునైదవ అధ్యాయమున సెలవిచ్చినాడు. ఇట్టి పూజ్యుడైన అగ్ని పొయ్యిలో నున్నంతవరకు గృహమునకు దేవత. పొయ్యి దాటి కప్పు నంటినచో ఆ గృహమే అతనికి ఆహుతి యగుచున్నది. అప్పుడు అతనికి ధనికుని మేడ, పేదవాని పాక అను భేదము లేదు. అయినను మేడలో ఒక గది కాలినచో తక్కిన గదులు మిగులును. పాక కాలినచో బూడిద తప్ప ఏమియు మిగులదు.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగా జిల్లాగా ఏర్పడిన పల్నాడు ప్రాంతము కృష్ణకు దక్షిణపు టొడ్డున నున్నది. నరసరావుపేట మొదలు గురజాల, మాచర్లల వరకు వేసవి యెండ ఎంత తీవ్రముగా నుండునో అచ్చటివారికి చెప్పనక్కరలేదు. ఆ యెండలలోనే మిరపకాయలు కల్లములలో ఎండుచుండును. ధర వచ్చువరకు పత్తి ఇంటిలోనే నిలువయుండును. దొడ్డిలో గడ్డివాము, గోడప్రక్కన వంటచెరకునకై పేర్చిన పత్తికట్టె, పైన తాటాకు కప్పు ఉండును. గాలి విసరు మధ్యాహ్నవేళ పొయ్యినుండి ఎగిరిన ఒక మిణుగురు చాలును. విద్యుత్తు తీగ రాపిడికి రాలిన ఒక నిప్పురవ్వ చాలును. ఘడియలో సగముకాలము గడవకముందే సంవత్సరపు కష్టఫలము బూడిద యగును. కాలినది ఇల్లు మాత్రమే కాదు. అమ్మవలసిన పంట, పెండ్లికై దాచిన బట్టలు, విత్తనములకై దాచిన గింజలు, పిల్లవాని పరీక్ష పుస్తకములు, పూజామందిరములోని పటములు అన్నియు కాలిపోవును.

ఇల్లు కాలి ఒకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగినట్లు అను సామెత తెలుగువారికి తెలిసినదే. పరుని దుఃఖమును గుర్తింపలేని హృదయమును పెద్దలు ఆ సామెతతో నిందించిరి. పల్లెలలో అట్టివారు అరుదు. మంటను చూచినంతనే బిందెలతో పరుగెత్తువారే ఎక్కువ. అయినను ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. ఇల్లు నిప్పునకు కాలును. ఆ యింటివారి గౌరవము మాత్రము పొరుగువారి మాటకు కాలును. మొదటి మంటను ఆర్పుటకు నీరు చాలును. రెండవ మంట రేగకుండ కాపాడుటకు ధర్మబుద్ధి కావలయును. పొరుగువాని ఇల్లు నిలబెట్టుట యనగా ఆ యింటివారు తిరిగి తలయెత్తి వీధిలో నడుచునట్లు చేయుట.

మొదటి గడియ చేయవలసిన పనులలో ఆలస్యము పనికిరాదు. గజేంద్రుని మొర విన్న శ్రీహరి లక్ష్మీదేవికి చెప్పక, శంఖచక్రములను అందుకొనక, ఉన్నవాడు ఉన్నట్లుగనే బయలుదేరినాడని పోతనామాత్యుడు వర్ణించినాడు. ఆపన్నుని పిలుపు విన్నవాడు తన వేషమును సరిచూచుకొనుటకై ఆగరాదని అందలి భావము. ముందుగా మనుష్యులను, పిమ్మట పశువులను, ఆ పిమ్మటనే వస్తువులను తప్పింపవలయును. పలుపులు విప్పలేనిచో కోసియైనను పశువులను వదలవలయును. ఒకరు 101కు ఫోను చేసి అగ్నిమాపక దళమును పిలువవలయును. గాయపడినవారున్నచో 108కి చెప్పవలయును. విద్యుత్తు సరఫరాను నిలిపించు వరకు నీరు చల్లరాదు. ఒడలు కాలినచోట ఇరువది నిమిషములు చల్లని నీరు పారించుట మేలు. సిరా, పండ్లపొడి, పసుపు మొదలగునవి పూయుట కీడు. మంట ఆరిన తరువాత కూడ తడిసిన మట్టిగోడలు కూలు ప్రమాదమున్నందున పిల్లలను దగ్గరకు రానీయరాదు. ఇవి శాస్త్రగ్రంథములలోని విషయములు కాకపోయినను ప్రాణరక్షణము సర్వశాస్త్రములకును సమ్మతమే.

మంట ఆరినది. జనము గుమిగూడినది. ఆ క్షణముననే నోటిని అదుపులో నుంచుకొనవలయును. “దీపము ఆర్పకుండ ఎందుకు పోతిరి? గడ్డివామును ఇంటికి ఆనించి ఎవరు వేయమనిరి? గ్యాసుబండ ఎవరు కట్టలేదు?” అని ప్రశ్నలు పుట్టును. ప్రశ్నించువానికి అది కుతూహలము. విన్నవానికి అది కాలినపుండుపై కారము. భాగవత దశమస్కంధమున ముంజాటవీ వృత్తాంతము కలదు. గోపబాలురు ఆటలలో మునిగి గోవులను మరచిరి. అవి లేతగడ్డికి ఆశపడి దూరముగా ముంజగడ్డి అడవిలోనికి పోయినవి. వెదకుచు వెళ్లిన బాలురను, గోవులను దావానలము చుట్టుముట్టినది. వారు కృష్ణుని శరణుజొచ్చిరి. గోవులను ఎవరు విడిచిరని కృష్ణుడు అడుగలేదు. ఆటలో మునుగుట తప్పని ఉపన్యసింపలేదు. భయపడవలదని చెప్పి, కన్నులు మూసికొనుమని, ఆ మంటను తానే మ్రింగినాడు. వారు కన్నులు తెరచునప్పటికి భాండీరవటము చెంత నుండిరి. వారి పొరపాటు వారికి తెలియును. అది తెలిసినవాడే రక్షించినాడు; రక్షించిన తరువాత కూడ దానిని ఎత్తిచూపలేదు. జాగ్రత్తలు చెప్పు కాలము వేరుగా వచ్చును. బూడిద వేడిగా నున్నప్పుడు అది సమయము కాదు.

ఇంతకంటె కఠినమైన మాట మరియొకటి కలదు. “వారి కర్మ అట్లున్నది” అని నిట్టూర్చి ప్రక్కకు తొలగుట అది. కర్మసిద్ధాంతము తన కష్టమునందు తాను ధైర్యము వహించుటకును, తన తప్పులను తాను దిద్దుకొనుటకును ఋషులు బోధించినది. ఎదుటివాని కష్టమును కొలుచుటకు ఇచ్చిన కొలబద్ద కాదు. నా వంతు నేను చేయవలసిన పని యేమి అని ప్రశ్నించుకొనువానికే ఆ సిద్ధాంతము అర్థమైనట్లు. పొరుగువాని ఇల్లు కాలుట అతని కర్మమని చెప్పువాడు, ఆ సమయమున ప్రక్కయింట తాను ఉండుట కూడ తన కర్మమేయని, ఆ కర్మము ఇపుడు ఆచరింపవలసినదని మరువరాదు.

తరువాత అన్నము సంగతి. ఇల్లు కాలినవారికి ఆ పూట ఎవరో అన్నము పెట్టుదురు. ఎట్లు పెట్టిరన్నది ముఖ్యము. గిన్నెలో పోసి గుమ్మమునందు అందించుట ఒక విధము. లోనికి పిలిచి తమ పిల్లల ప్రక్కన పీట వేసి వడ్డించుట మరియొక విధము. గిన్నె రెండుచోట్ల ఒక్కటియే. పుచ్చుకొన్నవాని మనస్సు ఒక్కటి కాదు. ఈ భేదమును పల్నాటివారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. పండ్రెండవ శతాబ్దిలో మాచర్ల చెన్నకేశవస్వామి భక్తుడైన బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము చేయించిన చాపకూడు ఆ సీమదే. ఆనాటి లోకము దూరముగా నుంచిన కులమున జన్మించిన కన్నమదాసును అతడు పుత్రభావముతో స్వీకరించినాడు. కార్తిక అమావాస్యతో మొదలై అయిదు దినములు కారంపూడిలో జరుగు వీరారాధనోత్సవములలో చాపకూడు నేటికిని ఒక భాగము. ఉత్సవమున ఒకనాడు చాపపై కూర్చున్నవాడు, ఇల్లు కాలిన పొరుగువానిని తన చాపపై కూర్చుండబెట్టినప్పుడే ఆ ఉత్సవము ఫలించును.

అన్నము పెట్టువాని మనస్సు ఎట్లుండవలయునో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చూపినాడు. విల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు, అనగా పెరియాళ్వారు, బాటసారులైన వైష్ణవులకు నిత్యము అన్నము పెట్టుచుండెడివాడు. వానకాలమున కట్టెలు తడిసియున్నను ఎండు కొబ్బరిచిప్పలతో వంట సాగించెడివాడు. అంత శ్రమపడి వండి వడ్డించియు, కూరలు ఎక్కువగా లేవనియు, వంట అంత వేడిగా లేదనియు, దయతో భుజింపవలయుననియు అతిథులను వేడుకొనెడివాడు. ఇచ్చువాడే వేడుకొన్నచో పుచ్చుకొనువాడు తల వంచవలసిన పని యేమున్నది? భాగవతుల అన్నదానమునకు ఇదియే కొలత. పెట్టిన పిడికెడు మెతుకులను పదిమందికి చెప్పుకొనుట, వడ్డించుచు ఛాయాచిత్రములు తీయించుకొనుట, ఆ కొలతకు సరిపోవు పనులు కావు.

బట్టల విషయమునను ఇదియే ధర్మము. తాను కట్టుకొనుటకు సిగ్గుపడు చిరుగుబట్టను ఇచ్చినవాడు తన యింటి చెత్తను ఎదుటి యింట వేసినట్లే. రెండు ఇచ్చుటకంటె కట్టుకొనదగినది ఒక్కటి ఇచ్చుట మేలు. ఆ యింటి స్త్రీలకు ఏమి కావలయునో స్త్రీలే ఏకాంతమున అడిగి తెలిసికొనవలయును. వృద్ధుని కంటిఅద్దములు, రోజూ మ్రింగు మందులు, పసిబిడ్డ పాలు, బడికి పోవు బాలిక పుస్తకములు మొదలగువానిని పదిమందిలో అడుగుటకు వారికి నోరు రాదు. అడుగక ముందే గుర్తెరిగి ఇచ్చుట పొరుగువానికే సాధ్యము. దూరమునుండి వచ్చిన దాత దుప్పటి ఇయ్యగలడు. ఆ యింటి ముసలివాడు ఏ మందు వాడునో పొరుగువానికే తెలియును.

వారము గడచునప్పటికి చూడవచ్చినవారు తగ్గిపోవుదురు. అసలైన సహాయమునకు కాలము అప్పుడు మొదలగును. కాగితములు కాలినవారికి కాళ్లరిగినంతగా తిరుగుట తప్పదు. ఆధారుకార్డు, రేషనుకార్డు, పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, పదవతరగతి ధ్రువపత్రము, వీనికి మారుగా నకళ్లు సంపాదింపవలయును. మండల రెవెన్యూ అధికారులచే నష్టమును వ్రాయించి పంచనామా నకలును, అగ్నిమాపక శాఖ ఇచ్చు ధ్రువపత్రమును తీసికొనవలయును. భీమా ఉన్నచో అవి లేనిదే సొమ్ము రాదు. మాడిపోయిన కరెన్సీ నోట్లను పనికిరానివని పారవేయరాదు. బాగుగా కాలి పెళుసైన నోట్లను సాధారణ బ్యాంకు శాఖలు తీసికొనవు. రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయము వానిని పరిశీలించి నియమానుసారముగా విలువ కట్టును. కావున ఆ ముక్కలను కదలింపక ఒక డబ్బాలో భద్రపరచవలయును. అక్షరజ్ఞానము గల పొరుగువాడు ఒక దినము తన పని మానుకొని ఆ కుటుంబ యజమానితో కార్యాలయమునకు పోయి అర్జీ వ్రాసి పెట్టినచో, అది వేయి రూపాయల దానముకంటె పెద్దది. విద్యాదానము గొప్పదని విన్నవారు, వ్రాయగల చేతిని ఒక దినము అప్పిచ్చుట కూడ విద్యాదానమేయని గ్రహింపవలయును.

ఇక ఇల్లు కట్టుట. పల్నాటిలో రాయికి కొరత లేదు. మాచర్ల, దాచేపల్లి ప్రాంతములలో నాపరాయి దొరకును. పిడుగురాళ్ల సున్నము ప్రసిద్ధమైనది. కొరత పనిచేయు చేతులకే. ఒకడు బండి తోలి రాయి తెచ్చినచో, ఒకడు రెండు దినములు గోడ పెట్టినచో, ఒకడు తన దొడ్డిలోని దూలమునకు పనికివచ్చు చెట్టును కొట్టి ఇచ్చినచో ఇల్లు లేచును. సాధ్యమైనంతవరకు తాటాకు మాని నిప్పంటని కప్పు వేయుట మేలు.

కొత్త ఇల్లు ఇచ్చిన దాతలలో శ్రీకృష్ణుని మించినవాడు లేడు. కుచేలుడు ద్వారకకు పోయి ఏమియు అడుగలేకపోయినాడు. స్వామియు ఇచ్చెదనని చెప్పలేదు. బాల్యమున గురుకులమున గడపిన దినములు ముచ్చటించి, ఆదరించి సాగనంపినాడు. కుచేలుడు వట్టిచేతులతో ఊరు చేరి చూచునప్పటికి తన పాక యున్నచోట సౌధము కనబడినది. తాను చూచుచుండగా ఇచ్చియున్నచో ఆ బ్రాహ్మణుడు సిగ్గుతో క్రుంగియుండెడివాడు. మిత్రుని ముఖమునందు ఆ సిగ్గును చూడదలపక స్వామి దానిని చాటున చేసినాడు. “నేను ఇంత ఇచ్చితిని” అను మాట ఆ కథలో ఎక్కడను లేదు.

ఆ కథలోనే మరియొక సూక్ష్మము గలదు. ఇచ్చుటకు ముందు స్వామి పుచ్చుకొన్నాడు. చినిగిన వస్త్రపు కొంగున ముడివేసి, ఇచ్చుటకు సంకోచించుచున్న అటుకులను తానే లాగికొని ఒక పిడికిలి ఆరగించినాడు. ఆయనకు అటుకుల లోటా? కాదు, ఆ పేదమిత్రుడు ఇచ్చువాడుగా నిలువవలయునని ఆయన కోరిక. ఇల్లు కాలినవారు కొన్నినాళ్లకు తేరుకొని, సాయపడినవానికి ఒక గ్లాసుడు మజ్జిగ ఇచ్చినచో వలదనరాదు. తమ పొలములోని నాలుగు వంకాయలు పంపినచో తిప్పి పంపరాదు. ఇచ్చిపుచ్చుకొనుట రెండు వైపుల సాగినప్పుడు వారు మరల ఇరుగుపొరుగు వారగుదురు. ఒకవైపే సాగినచో ఒకరు దాత, ఒకరు యాచకుడు అయి నిలిచిపోవుదురు.

ఇంతవరకు చెప్పినది స్నేహముగానున్న పొరుగును గూర్చి. మాటలు లేని పొరుగైనచో? గట్టు తగవు, నీటి తగవు, ఎన్నికల తగవు ఉన్న ఊరిలో కాలిన యిల్లు ఎదుటి పక్షమువానిదైనచో? ధర్మమునకు పరీక్ష ఇచ్చటనే. కోడిపందెమున రేగిన పగ కారంపూడి రణభూమివరకు పోయి, మాచర్ల గురజాలల జ్ఞాతులను ఇరుపక్షములను నశింపజేసిన కథ పల్నాటి వీరచరిత్ర. చాపకూడు పెట్టిన పొయ్యి నిప్పును, పగ రగిల్చిన నిప్పును ఆ యొక్క కథలోనే ఉన్నవి. ఏ నిప్పును కాపాడుకొనవలయునో, ఏ నిప్పును ఆర్పవలయునో నిర్ణయించుకొనుట తరువాతి తరముల వంతు.

మహాభారతమున దీనికి సమాధానము గలదు. దుర్యోధనుడు వారణావతమున పురోచనునిచే లక్క యిల్లు కట్టించి, కుంతితోగూడ పాండవులను దహింపజేయ దలచినాడు. విదురుని హెచ్చరికవలన వారు సొరంగమార్గమున బయటపడిరి. తమ యింటికి నిప్పు పెట్టించిన శత్రువును మించిన శత్రువు ఎవరుందురు? అట్టి దుర్యోధనుని ఘోషయాత్రలో చిత్రసేనుడను గంధర్వుడు బంధించెను. అడవిలో కష్టములు పడుచున్న భీముడు ఆ వార్త విని సంతోషించెను. ధర్మరాజు మాత్రము సంతోషింపలేదు. తమలో తమకు తగవు వచ్చినప్పుడు ఇటు అయిదుగురు, అటు నూరుగురు; ఇతరులతో ఆపద వచ్చినప్పుడు అందరును నూటయైదుగురని చెప్పి, తమ్ములను పంపి విడిపించెను. అగ్నిప్రమాదము ఏ పక్షమునకును చెందినది కాదు. అది ఊరిమీదికి వచ్చిన చిత్రసేనుని వంటిది. ఆనాడు పక్షములను ప్రక్కనబెట్టి ఊరంతయు నూటయైదుగురు కావలయును. తగవు న్యాయస్థానమున నున్నచో ఉండనిమ్ము. అది వేరు సంగతి. బిందె పట్టుకొనిన చేతికి తగవుతో పనిలేదు. పగవాని పిల్లకు బడిపుస్తకము కొని యిచ్చినవాడు ఓడినవాడు కాడు. తన యింటికి ఎన్నటికైనను రాగల నిప్పును ముందే ఆర్పినవాడు.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబూనుట వ్యర్థమని మరియొక సామెత. ధర్మము తెలిసిన ఊరు బావిని ముందే త్రవ్వుకొనును. వేసవి రాకముందే గడ్డివాములను, పత్తికట్టె మోపులను ఇండ్లకు దూరముగా జరపుట, తొట్లలో నీరు నింపి యుంచుట, పాతబడిన తీగలను మార్పించుట, దేవుని మందిరమున వెలిగించిన దీపమును వదలి తాళము వేసి పోకుండుట అందరును కలిసి చేయవలసిన పనులు. ఇంటింటి కాగితముల నకళ్లు వేరొకచోట భద్రపరచుకొనుట వివేకము. ఊరి దేవాలయమునకు హుండీ యున్నట్లే, ఆపన్నుల కొరకు ఏటేటా కొద్దిపాటి ధాన్యమును, సొమ్మును విడిగా ఉంచుకొన్న గ్రామము, ఆపద వచ్చిననాడు ఎవరి ముఖమును చూడవలసిన పనిలేదు. పంట వచ్చినప్పుడు ఇంటికొక కుంచెడు గింజలు ఇచ్చుట ఎవరికిని భారము కాదు.

కాలిన యింటి స్థలమున కొత్త గోడలు లేచి, గృహప్రవేశమునాడు పొయ్యి వెలిగించి పాలు పొంగించుదురు. కప్పును కాల్చిన అగ్నియే ఆనాడు పొయ్యిలో పూజ్యుడై కూర్చుండును. ఆ పాలతో వండిన పరమాన్నమును చెన్నకేశవునకు నివేదించి, ఆ యింటి ఇల్లాలు మొదటి ప్రసాదమును ప్రక్కయింటికి తెచ్చును. ఆమె తల వంచుకొని రాక, నవ్వుచు వచ్చినచో పొరుగువారు తమ ధర్మమును నెరవేర్చినట్లు. స్వామి దయవలన ఏ ఊరను ఏ ఇల్లును కాలకుండుగాక! కాలిన యింటికి మంచి పొరుగు తోడుండుగాక!